ట్రాక్టర్ కొన్న మా అన్న కొడుక్కు

బిడ్డా,

కొత్త ట్రాక్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన ఫోటో చూసిన. సంబురమైంది. ట్రాలీ వెనక దిక్కు ఫోటో పంపమంటే మాత్రం ఇప్పటిదాక పంపకపోతివి. ఆడ లైట్లు లేవని నాకు అప్పుడే సమజైంది.

నేను ఇప్పుడు మెహిదీపట్నంల మనుమలతోని కూసొని చెప్తున్ననని కొట్టిపారెయ్యకు. పదిహేనేండ్లు చేవెళ్ల సడక్ మీద, ఆ మర్రిచెట్ల నడుమ నుంచి పట్నానికి వరిగడ్డి తోలినోణ్ని. పొలంల ముందు చూసుకుంటే సరిపోతది. సడక్ మీద భయమంతా వెనక దిక్కే.

ముందుగాల బ్రేకులు. కుడికాలు కింద రెండు పెడళ్లున్నయి గద. మడిల మలుపుకోనీకి ఒక్కటే తొక్కుతవు, ఆ పక్క చక్రం ఆగి బండి గిర్రున తిరుగుతది. ఆ రెంటిని కలిపే చిన్న కొక్కెం ఉంటది. సడక్ ఎక్కకముందే దాన్ని ఎయ్యి. నేను ఒకపారి మర్చిపోయిన. ఎదురుంగ బర్రె అడ్డమొస్తే బ్రేకు తొక్కిన, కాలు ఎడమ పెడల్ మీదనే పడ్డది. బండి ఎడమకు గుంజుకపోయి మర్రి మొదలుకు జానెడు దూరంల ఆగింది. ట్రాలీల గడ్డి ఉండబట్టి బతికిన. ఇసుక ఉంటే ఆ బరువే వెనక నుంచి నన్ను చెట్టుకు నూకేది. మస్తు ట్రాలీలకు బ్రేకులే ఉండవు బిడ్డా, ఆ బరువంతా ఆపాల్సింది నీ ట్రాక్టరే. అందుకే దిగుడుల న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిద్దామనుకోకు. ఏ గేరుల ఎక్కినవో ఆ గేరులనే దిగు. వెనక చక్రాలు రెంటిని ఒక్కతీరుగ తిప్పే డిఫరెన్షియల్ లాక్ బురదల కోసం, సడక్ మీద దాని జోలికే పోకు, బండి మలగదు.

ఇగ లైట్లు. నువ్వు గంటకు 25 కిలోమీటర్ల మీద పోతుంటవు, వెనక కారాయన 80 మీద వస్తుంటడు. 100 మీటర్ల దూరంల నిన్ను చూసిండనుకో, నీ మీదికి రానీకి ఏడు సెకండ్లు గూడ పట్టదు. చీకట్ల లైట్లు లేని ట్రాలీ అంత దూరంల అసలే అగుపడది. రెండు మూలలకు ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటియ్యి, బురద పడితే తుడువు. గడ్డి ఏస్తే అవి కప్పుకపోతయి, అప్పుడు గడ్డికే ఒక రేడియం పట్టీ కట్టు.

రాళ్ల సంగతి చెప్పాలంటే నాకు సిగ్గు. ఒకనాడు పంచరైతే ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టి, టైరు మార్చినంక ఆడనే ఇడిచిపెట్టి పోయిన. గడ్డి దించి రాత్రి మర్లి వస్తుంటే అదే జాగల స్కూటర్ పడి ఉంది. ఒకాయన మోకాలు పట్టుకొని కూసున్నడు. "ఎవడో రాయి ఇడిచిండు" అన్నడు. దవాఖానకు తీస్కపోయిన, కట్టు కట్టిచ్చిన, నేనేనని మాత్రం చెప్పలే.

నాట్లకు కూలీలను ట్రాలీల తోలుకపోకు. 2018 జూన్ల యాదాద్రి జిల్లా వేములకొండ కాడ కూలీల ట్రాక్టర్ కాల్వల పడి పదిమందికి పైగా పోయిండ్రు, ఎక్కువ ఆడోళ్లే. మడ్‌గార్డు మీద దోస్తులను గూడ ఎక్కించుకోకు, ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. ఎవలన్న అలిగితే అలగనీ, ఆటో కిరాయి నేనిస్త.

దమ్ము చేసినంక ఇనుప చక్రాలు ఊడదీసి ట్రాలీల ఏసుకపో. పట్నం దిక్కు వస్తే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకు, సర్వీసు రోడ్డు పట్టుకో.

రేడియం స్టిక్కర్లు ఆడ దొరకకపోతే చెప్పు, ఈడికెళ్లి బస్సుల పంపుత. ఫోటో మాత్రం రేపు పొద్దుగాల పెట్టు, ట్రాలీ వెనకది.

మీ చిన్నాయన