మ్యాచ్ రోజు మేం మ్యాచ్ చూడం

"పెద్ద ఓటీటీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా ఉంటుంది, సినిమావాళ్లు కనపడతారా, కొత్త సినిమాలు ముందే చూసేయొచ్చా, ఒత్తిడి ఎంత?" అని అడిగారు కదా. బెంగళూరులో అలాంటి ఒక కంపెనీలో నాలుగేళ్లు తెర వెనక సర్వర్లు చూసుకునే బ్యాకెండ్ టీమ్‌లో చేశాను. పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడ స్నేహితులున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో వేరే రంగంలో ఉన్నాను కాబట్టి కాస్త స్థిమితంగా చెప్పగలను.

సినిమావాళ్ల సంగతి ముందు తేల్చేస్తా. నాలుగేళ్లలో ఒకే ఒక్క హీరోని చూశాను, అదీ లిఫ్ట్ తలుపు మూసుకుంటుంటే. సినిమాలు కొనేవాళ్లు, నిర్మాతలతో మాట్లాడేవాళ్లు ముంబైలో ఉండేవారు, మా ప్రపంచం వేరు. ముందే చూడటం కూడా కల్ల. విడుదల కాని సినిమా ఫైలు దరిదాపులకి మాలాంటివాళ్లని రానివ్వరు, చూడక తప్పని ఆ కొద్దిమందికి ఇచ్చే కాపీలో కూడా వాటర్‌మార్క్ ఉంటుంది, లీకైతే ఎవరి దగ్గర్నుంచి పోయిందో పట్టేస్తారు. మేం టెస్టింగ్‌కి వాడేది బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 2008లో అందరికీ ఉచితంగా వదిలిన 'బిగ్ బక్ బన్నీ' అనే పది నిమిషాల కార్టూన్. వీడియో మీద పనిచేసిన ఎవర్ని కదిపినా ఆ లావుపాటి కుందేలు తెలుసంటారు. నేను దాన్ని కొన్ని వందల సార్లు చూసుంటాను, అదీ ముక్కలు ముక్కలుగా, ఎక్కువసార్లు సౌండ్ లేకుండా. మా అమ్మ మాత్రం తణుకులో అందరికీ "మావాడు సినిమాల్లో చేస్తున్నాడు" అని చెప్పుకుంది. దాంతో ఒక సంబంధం వెనక్కి పోయింది, అది వేరే కథ.

మామూలు రోజుల్లో పని ఏ ప్రొడక్ట్ కంపెనీలోనైనా ఉండేదే. పొద్దున స్టాండప్ అనే చిన్న మీటింగ్, కోడ్, రివ్యూ, మీటింగులు, ఫ్రీ భోజనం. తేడా అంతా లైవ్‌లో ఉంది. సినిమా పెట్టడం ఒక రకంగా తేలిక, ముందే నాలుగైదు క్వాలిటీల్లో ఎన్‌కోడ్ చేసి సీడీఎన్ సర్వర్లలో (వీడియో కాపీలు దాచుకుని చూసేవాళ్లకి దగ్గర్నుంచే అందించేవి) పెట్టేస్తే ఎవరి తీరికని బట్టి వాళ్లు చూసుకుంటారు. క్రికెట్ అలా కాదు, కెమెరా నుంచి వచ్చేదాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ అన్ని క్వాలిటీల్లో అప్పటికప్పుడు వండి వడ్డించాలి, తినేవాళ్లందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఉంటారు. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో, ధోనీ రనౌట్ అయిన ఆ మ్యాచ్, హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్‌కి అది 5.9 కోట్లు. ఇది ఎంత కష్టమంటే, 2024 నవంబర్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ లైవ్ ఇచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్ అంతటిదానికే చాలామంది దగ్గర బొమ్మ ఆగిపోయి లోడింగ్ చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

బయటివాళ్లకి ఒక విషయం చెబితే నమ్మరు. మాకు జనం వచ్చేటప్పటికంటే వెళ్లిపోయేటప్పుడే ఎక్కువ భయం. చూస్తున్నంతసేపు వాళ్ల ఫోన్ చాలావరకు సీడీఎన్‌తోనే మాట్లాడుతుంది, మా సర్వర్ల జోలికి పెద్దగా రాదు. పెద్ద వికెట్ పడిందనుకోండి, లక్షల మంది ఒకే క్షణంలో "ఛ" అని బ్యాక్ నొక్కుతారు. అప్పుడు హోమ్ పేజీ తెరుచుకుంటుంది, దాంతోపాటు సిఫార్సులు, సగం చూసి ఆపేసిన సినిమాల జాబితా, ఇలా ప్రతిదీ మా సర్వర్లనే అడుగుతుంది, ఒకేసారి. కొత్త సర్వర్లు లేవడానికి నిమిషాలు పడుతుంది, జనానికి బ్యాక్ నొక్కడానికి సెకను చాలు. అందుకే టాస్‌కి ముందే అవసరానికి మించి సర్వర్లు లేపి పెట్టుకుంటారు, పరిస్థితి చేయిదాటేలా ఉంటే సిఫార్సుల్లాంటివి ఆపేసి అందరికీ ఒకటే జాబితా చూపిస్తారు. మీ హోమ్ పేజీ మ్యాచ్ రోజు కాస్త మొద్దుగా కనిపిస్తే కారణం అదే కావచ్చు.

మ్యాచ్ రోజు టీమంతా కూర్చుని సర్వర్లని కనిపెట్టుకునే మా వార్‌రూమ్‌లో రెండు టీవీలు ఉండేవి. ఒకటి డీటీహెచ్, సౌండ్ తో. రెండోది మా యాప్, మ్యూట్‌లో. యాప్ ఓ పాతిక ముప్పై సెకన్లు వెనక ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో ముందే అరుపులు వినపడి మ్యాచ్ మజా పోయిందని మీరు తిట్టుకునేది ఈ ఆలస్యాన్నే, మాకు మాత్రం అదే హెచ్చరిక గంట. డీటీహెచ్ దగ్గర కూర్చున్నవాడు "అవుట్!" అని అరుస్తాడు, రూమ్‌లో ఒక్కడూ అటు తల తిప్పడు, అందరి కళ్లూ సర్వర్ల మీద రద్దీ చూపే గ్రాఫ్ మీదే, అర నిమిషంలో ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి. బిర్యానీ డబ్బాలు మూతలు తీసి అలాగే ఉంటాయి. నేను ఆ నాలుగేళ్లలో ఒక్క మంచి మ్యాచ్ కూడా సరిగ్గా చూడలేదు.

రెండో ఏడాది నా వంతు వచ్చింది. వర్షం పడి ఆట ఆగింది, జనం మొత్తం హోమ్ పేజీకి వచ్చారు. సగం చూసి ఆపిన సినిమాల సర్వీస్ నాది. సమాధానం ఆలస్యమైతే ఫోన్ వెంటనే మళ్లీ మూడుసార్లు అడిగేలా నేనే రాశాను, అప్పుడది తెలివైన పనే అనుకున్నాను. సర్వీస్ కాస్త నెమ్మదించగానే ప్రతి ఫోనూ నాలుగు రెట్లు అడగడం మొదలుపెట్టింది, అడిగిన కొద్దీ ఇంకా నెమ్మది, నెమ్మదైన కొద్దీ ఇంకా అడగడం. గ్రాఫ్ తాటిచెట్టులా నిలువుగా లేచింది. పదకొండు నిమిషాలు చాలామందికి హోమ్ పేజీ తెరుచుకోలేదు. మా లీడ్ ఎవరు రాశారని అడగలేదు, "ముందు ఆ ఫీచర్ ఆపేయ్" అన్నాడంతే, నా చేతులు వణుకుతుంటే పక్కనున్న అమ్మాయి కీబోర్డ్ తీసుకుని ఆపేసింది. తర్వాత సరిదిద్దింది నాలుగు లైన్లు: మళ్లీ అడిగే ముందు ఆగాలి, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ ఆగాలి, అన్ని ఫోన్లూ ఒకే లయలో అడగకుండా ఆ ఆగడంలో కొంత యాదృచ్ఛికం ఉండాలి.

తర్వాత రాసిన నివేదికలో నా పేరు లేదు. ఎవర్నీ నిందించకూడదనేది అక్కడి నియమం, గోడ మీద కూడా రాసుంటుంది. కానీ ఏడాది చివర అప్రైజల్‌లో ఆ పదకొండు నిమిషాలు తిరిగొచ్చాయి, "మరింత జాగ్రత్త అవసరం" అని మర్యాదగా. ఆ కోడ్‌ని రివ్యూ చేసి సరేనన్న ఇద్దరికీ ఏమీ కాలేదు. ఇప్పటికీ నాకు మంట ఉంది, దాచను.

ఒత్తిడి అంటే గంటలు కాదు, క్యాలెండర్. ఐపీఎల్ రెండు నెలలు లీవ్ మాట ఎత్తకూడదు, మన ముహూర్తాలేమో సరిగ్గా ఆ ఎండల్లోనే. మా చెల్లి పెళ్లి మే నెలలో జరిగితే నేను విడిదింట్లో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాను, జీలకర్ర బెల్లం వేళకి మాత్రం పరిగెత్తాను. మా బాబాయ్ అక్కడికే వచ్చి "ఒరేయ్, మీ యాప్ పాస్‌వర్డ్ ఏదో పంపు" అన్నాడు.

బాగున్నవీ చెప్పాలి. నాకు అన్నిటికంటే నచ్చింది తెలుగు సబ్‌టైటిల్స్ పని, అసలది నా పని కాదు, ఆ అంతస్తులో తెలుగు చదవగలిగినవాడిని నేనొక్కడినే కాబట్టి పిలిచారు. డివైస్ ల్యాబ్‌లో పాత స్మార్ట్ టీవీలు వరుసగా పెట్టి ఉంటాయి. ఒకదాంట్లో 'లక్ష్మి' అని రావాల్సింది ల క్ ష్ మి అని పొల్లులతో విడివిడిగా కనిపిస్తోంది, ఇంకోదాంట్లో ఒత్తు కింద కాకుండా పక్కన పడుతోంది. టీమ్‌లో మిగతావాళ్లకి అది తప్పని కూడా తెలియదు, అక్షరాలన్నీ ఉన్నాయి కదా అన్నారు. తప్పు మా ఫైలులో లేదు, ఒత్తుల్ని కూర్చే తెలివి ఆ టీవీ సాఫ్ట్‌వేర్‌కే లేదు. చివరికి ఆ మోడళ్లకి అక్షరాల బదులు ముందే గీసిన బొమ్మలుగా పంపాం. ఆ టీవీలో మొదటిసారి సరైన 'క్ష్మి' కనపడ్డప్పుడు ఫోటో తీసి అమ్మకి పంపాను. "ఇందులో ఏముంది, అలాగే కదా ఉండాలి" అంది.

జీతం పెద్ద ప్రొడక్ట్ కంపెనీల స్థాయిలోనే ఉంటుంది, కంపెనీ ఇచ్చే స్టాక్స్ (షేర్లు) నాలుగేళ్లకి విడతలుగా చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే సున్నా. నేను సరిగ్గా నాలుగేళ్లకి బయటికి రావడం యాదృచ్ఛికం కాదు. నేర్చుకున్నది మాత్రం ఇంకెక్కడా అంత త్వరగా నేర్చుకునేవాడిని కాదు.

మీకు ఆఫర్ వస్తే ఇంటర్వ్యూలోనే ఒకటి అడగండి, ఆన్‌కాల్ (ఏ వేళలో ఏది పాడైనా లేచి చూడాల్సిన డ్యూటీ) ఎంతమంది పంచుకుంటారని. మా దగ్గర ఆరుగురితో మొదలై, ఇద్దరు మానేసి, ఒకామె ప్రసూతి సెలవులో వెళ్లి, ముగ్గురికి వచ్చింది, అంటే మూడు వారాలకోసారి తలగడ పక్కన ఫోన్. నాలుగు కంటే తక్కువ చెబితే నేనైతే ఆలోచిస్తాను. ఇంకేమైనా తెలుసుకోవాలంటే అడగండి, పాస్‌వర్డ్ తప్ప.