బ్రిడ్జి వేయించుకునే ముందు పక్క పళ్ల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 42. కింది ఎడమ దవడలో పెద్ద పన్ను పుచ్చిపోతే ఏడాది క్రితం తీయించుకున్నాను. ఇప్పుడు డాక్టరు గారు అటూ ఇటూ ఉన్న పళ్లు అరగదీసి బ్రిడ్జి వేద్దామంటున్నారు. ఆ రెండూ గట్టిగా ఉన్నాయి, ఎక్కడా పుచ్చు లేదు. మంచి పళ్లను అరగదీయించుకోవాలా? ఎలాగూ బయటికి కనిపించని పన్నే కాబట్టి అలా వదిలేస్తే ఏమవుతుంది?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వదిలేయకండి. మీరు చెబుతున్నది మొదటి దవడ పన్నే అయితే, ఆరేళ్ల వయసులో వచ్చి నమలడంలో ఎక్కువ భారం మోసేది అదే. అది లేకపోతే వెనక పన్ను మెల్లగా ఖాళీలోకి ఒరుగుతుంది. పై దవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను ఆనడానికి ఏమీ లేక కిందికి దిగుతుంది. పన్ను ఒరిగిన చోట మెతుకులు ఇరుక్కుని చిగురు వాస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఏ పన్ను పెట్టాలన్నా చోటు చాలదు.

ఇక అరగదీయడం గురించి. మూడు పళ్ల బ్రిడ్జి అంటే రెండు చివర్లా రెండు క్యాపులు, వాటి మధ్య అతికిన ఒక కృత్రిమ పన్ను. మధ్య దానికి వేరు ఉండదు, చిగురుకు తగులుతూ ఉంటుందంతే. మీరు నమిలిన బరువంతా పక్క రెండు పళ్ల వేర్ల మీదే పడుతుంది. క్యాపు మందానికి చోటివ్వడానికి నమిలే వైపు సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, చుట్టూ 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు తీస్తారు. అంటే ఎనామిల్ చాలావరకు పోతుంది. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. అరగదీసిన పళ్లలో కొన్నిటికి లోపలి నరం దెబ్బతిని, తర్వాతెప్పుడో రూట్ కెనాల్ చేయాల్సి రావచ్చు.

అందుకే మీ పక్క పళ్లు రెండూ బాగున్నాయంటే, ముందు ఇంప్లాంట్ గురించి అడగండి. ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, అది ఎముకతో కలిసిపోయాక పైన పన్ను పెడతారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఖర్చు ఎక్కువ, కానీ పక్క పళ్లను ముట్టుకోరు. షుగర్ అదుపులో లేనివాళ్లకి, పొగ తాగేవాళ్లకి అది విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. ఎముక బాగా కరిగిపోయినా కష్టమే. పక్క పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో రూట్ కెనాలో ఉండి, ఎలాగూ క్యాపులు వేయాల్సిందే అనుకుంటే మాత్రం బ్రిడ్జి చక్కటి మార్గం. అప్పుడు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు.

బ్రిడ్జికే సిద్ధపడితే మూడు విషయాలు పట్టించుకోండి. ఒకటి, అరగదీయడానికి ముందు ఆ రెండు పళ్లకూ ఎక్స్‌రే తీయాలి. వేరు చుట్టూ ఎముక సరిగా లేని పన్ను మీద బ్రిడ్జి నిలవదు. అరగదీశాక మిగిలే మొద్దు కూడా కనీసం 3–4 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, లేకపోతే క్యాపుకు పట్టు దొరకదు. రెండు, కొలత తీసిన రోజునే తాత్కాలిక క్యాపులు పెట్టమనండి. అవి లేకపోతే మంచినీళ్లు తాగినా జివ్వుమంటుంది. అంతకంటే ముఖ్యం, ల్యాబ్ నుంచి బ్రిడ్జి వచ్చేలోగా పళ్లు కొద్దిగా జరుగుతాయి, తీరా పెడితే అది పూర్తిగా కూర్చోదు. మూడు, సిమెంటు పెట్టే ముందు రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. మత్తు ఉన్నప్పుడు మనకు తేడా తెలియదు. ఇంటికి వెళ్లాక కొరికితే ముందు ఆ పన్నే తగులుతోందనిపిస్తే ‘అలవాటైపోతుందిలే’ అనుకోకుండా రెండు రోజుల్లో వెళ్లి సరిచేయించుకోండి. ఎత్తుగా వదిలేస్తే పన్ను నొప్పెడుతుంది, పింగాణీ పెచ్చు ఊడుతుంది.

ప్రశ్న: ఆరేళ్ల క్రితం వేయించుకున్న బ్రిడ్జి కింద నుంచి ఈ మధ్య వాసన వస్తోంది. గట్టిగా కొరికితే ఏదో నీరు ఊరినట్టుంటుంది. నొప్పి మాత్రం లేదు. ఆగవచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే, ఒక చివర క్యాపు కింద సిమెంటు కరిగి వదులై ఉండవచ్చు. రెండో చివర గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి బ్రిడ్జి ఊడదు, కదిలినట్టూ తెలియదు. కొరికినప్పుడల్లా వదులైన క్యాపులోకి లాలాజలం వెళ్లి వస్తూ లోపలి పన్నును పుచ్చబెడుతుంది. ఆ పన్నుకు రూట్ కెనాల్ అయి ఉంటే, పూర్తిగా మెత్తబడిపోయినా నొప్పి తెలియదు. ఒక్క క్యాపు ఊడిందని దాన్నే మళ్లీ అతికించడం కుదరదు, బ్రిడ్జి మొత్తం తీసి చూడాలి. చాలాసార్లు కోసి తీయాల్సి వస్తుంది, అంటే కొత్తది చేయించుకోవాలి. అయినా పన్ను మిగిలే అవకాశం ఉంటుంది.

చిగుళ్ల వాపు వల్ల కూడా వాసన రావచ్చు. మధ్య పన్ను కింద బ్రష్ చేరదు. మామూలు ఫ్లాస్ దారం పై నుంచి దిగదు, పళ్లు మూడూ అతికి ఉంటాయి కదా. బ్రిడ్జిల కోసమే ఒక కొస గట్టిగా, మధ్యలో దూదిలా ఉబ్బిన దారం మందుల షాపుల్లో దొరుకుతుంది. గట్టి కొసను బుగ్గ వైపు నుంచి క్యాపుకీ మధ్య పన్నుకీ నడుమ, చిగురు దగ్గరున్న సందులోకి దూర్చి నాలుక వైపు లాగండి. ఉబ్బిన భాగం కిందికి చేరాక మధ్య పన్ను అడుగున అటూ ఇటూ నాలుగైదు సార్లు తుడవండి, తర్వాత రెండు క్యాపుల పక్కలూ తుడవండి. తీసేటప్పుడు పైకి లాగకుండా పక్కకు లాగండి. మొదట్లో కాస్త రక్తం రావచ్చు, రోజూ రాత్రి చేస్తుంటే తగ్గుతుంది. వారం పది రోజులైనా తగ్గకపోతే చూపించుకోవాలి. టూత్‌పిక్, పిన్నీసు మాత్రం వద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కింద కుడివైపు చివరి రెండు దవడ పళ్లూ లేవు. బ్రిడ్జి వేయవచ్చా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: వెనక ఆసరాకు పన్ను లేదు కాబట్టి మామూలు బ్రిడ్జి కుదరదు. ముందు పళ్లకే క్యాపులు వేసి వెనక్కి రెండు పళ్లు వేలాడదీస్తే, నమిలినప్పుడల్లా ఆ ముందు పళ్లను కుదుళ్లతో సహా పెకలించినట్టవుతుంది. ఎవరైనా అలా చేస్తామంటే ఒప్పుకోకండి. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు గానీ, ఎముక, షుగర్, గుండె మందులు అన్నీ చూసి ఇంప్లాంట్లు గానీ పెట్టవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, వాటిని సొంతంగా ఆపవద్దు. రెండో వైపు బాగా నమలగలుగుతున్నారంటే తొందరేమీ లేదు, పైన ఎదురుగా ఉన్న పళ్లు కిందికి దిగుతున్నాయేమో ఆరు నెలలకోసారి చూపిస్తూ ఉండండి.