చిట్టీ, మంచం ఏదే?

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, విజయవాడ సింగ్‌నగర్ ఇంట్లో పడకగది మొత్తం కొత్తగా చేయిస్తున్నావనీ, ప్లగ్ పాయింట్ల ప్లాను కూడా నువ్వే కంప్యూటర్లో గీశావనీ చెప్పి, ఆ బొమ్మ నాకూ పంపించింది. ముందు పొంగిపోయాను. మా షాపు కౌంటరెక్కి కూర్చుని బల్బు హోల్డర్లు లెక్కపెట్టిన పిల్ల ఇవాళ సొంత ఇంటికి వైరింగ్ గీస్తోందని మీ పెదనాన్నకి రెండుసార్లు చెప్పాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. ఇక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

నీ బొమ్మలో నాలుగు గోడలున్నాయి, తలుపుంది, కిటికీ ఉంది, ఏసీ ఉంది, ప్లగ్గులకి చిన్న చిన్న గుండ్రాలున్నాయి. మంచం ఏదే? పడకగదికి ప్లాను గీసి మంచం గీయడం మర్చిపోయిన మొదటిదానివి నువ్వు కాదులే, రెండోదానివి. మొదటిది ఎవరో కింద చెబుతాను.

ముందు మంచం తల ఎటో తేల్చు. అది నీ ఒక్కదాని చేతిలో లేదని నాకు తెలుసు. ఉత్తరం వైపు తల అంటే మీ అత్తగారు గడప కూడా తొక్కరు. దక్షిణమో తూర్పో అంటారు. వాస్తు నువ్వు నమ్ముతావా లేదా అన్నది తర్వాత సంగతి, గోడ కోసి పైపులేసి పూత పూసి రంగులేశాక ఆవిడ వచ్చి "మంచం ఇటు తిప్పండమ్మా" అంటే తిప్పుతావా మానుతావా? తిప్పుతావు. నీ రెండు ప్లగ్గులూ కాళ్ళ దగ్గర మిగులుతాయి. కాబట్టి రేపే ఆవిడని గదిలోకి తీసుకెళ్ళి, నేల మీద సుద్దముక్కతో మంచం గీసి, "అత్తయ్యా, ఇలా బాగుందా?" అని అడుగు. అడిగినందుకు ఆవిడ సంతోషిస్తారు, నీకు గోడ రెండోసారి కొట్టే ఖర్చు తప్పుతుంది. బీరువా కూడా గీయి. తలుపు ఎటు తెరుచుకుంటుందో అది కూడా గీయి, లేకపోతే స్విచ్‌బోర్డు తలుపు వెనకాల పడుతుంది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను, ఇవి నీకూ తెలిసే ఉంటాయి. ఏసీకి 4 స్క్వేర్, అంటే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మెయిన్ బోర్డు నుంచి నేరుగా, కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు, అదే ఎంసీబీ, దానిది దానికే. ఇస్త్రీ పెట్టెకీ అద్దం దగ్గర నీ జుట్టు ఆరబెట్టుకునే మెషిన్‌కీ 16 యాంపుల పవర్ ప్లగ్గు, రెండున్నర వైరుతో. లైట్లకీ ఫ్యానుకీ ఒకటిన్నర చాలు. ప్రతి ప్లగ్గుకీ ఆకుపచ్చ ఎర్త్ వైరు వచ్చి తీరాలి, ఎర్త్ రాని మూడో కన్నం ఉత్త అలంకారం. బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, పెట్టించు, అది లేదంటే నేను మీ ఇంటికి రాను. ఏసీ కొత్తగా పెడుతున్నావు కాబట్టి కరెంటాఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టు. వైరు మీదా స్విచ్చుల మీదా ఐఎస్ఐ గుర్తు చూసుకో. అయిపోయింది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. గుంటూరు అరండల్‌పేటలో 27 ఏళ్ళు ఎలక్ట్రికల్ షాపు నడిపాం కదా, ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎక్కువగా ఎవరు కొనేవాళ్ళో తెలుసా? పాత ఇళ్ళవాళ్ళనుకుంటాం. నేను చూసింది మాత్రం కొత్త ఇళ్ళవాళ్ళని. పాలు పొంగించిన నెల తిరక్కముందే వచ్చేవాళ్ళు, కాస్త సిగ్గుపడుతూ, "అన్నీ పెట్టించామండీ, మంచం దగ్గర ఒక్కటే అందట్లేదు" అని. పెట్టించాల్సిన చోట ప్లగ్గు పెట్టించకపోతే ఆ లోటు ఎక్స్‌టెన్షన్ పెట్టె రూపంలో ఇంట్లోకి వస్తుంది, వచ్చి మంచం కిందే చేరుతుంది.

మా ఇంట్లోనూ అలాగే చేరింది. ఇది మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1999 మొదట్లో మా పడకగదికి చెక్క బద్దల మీద ఉన్న పాత వైరింగ్ తీసేసి గోడ లోపలి పైపులు వేయించాం. మేస్త్రీ ఖాళీ గది మధ్యలో నిలబడి "ప్లగ్గులు ఎన్నమ్మా?" అన్నాడు. పాయింటుకి ఇంతని కూలి. మంచం ఎక్కడ వస్తుందో అనుకోనేలేదు, ఆ మొదటిదాన్ని నేనే. "రెండు చాలు" అన్నాను. ఊళ్ళోవాళ్ళందరికీ "ఇంకో రెండు వేయించుకోండి, మళ్ళీ మళ్ళీ కొట్టరు కదా గోడ" అని సలహాలిచ్చే మనిషిని, నా ఇంటికి రెండు చాలన్నాను. దీపం కింద చీకటంటే నన్ను చూపించొచ్చు. ఒకటి తలుపు పక్కన బోర్డులో వచ్చింది. రెండోది ఉన్న గోడకే సామాను సర్దేటప్పుడు గాడ్రెజ్ బీరువా ఆనించాం, ఇంకెక్కడా పట్టలేదు. ఇనప బీరువా జరిపి ప్లగ్గు పెట్టేదెవరు? మంచం గాలి కోసం కిటికీ కింద వేశాం, కిటికీలో కూలరు. ఇంకేముంది, షాపు నుంచి నా చేత్తో నేనే ఒక పెట్టె తెచ్చాను. చవక రకం. వైరు మరీ పొడుగ్గా ఉందని చుట్టచుట్టి, దారం కట్టి, కాళ్ళకి తగలకుండా మంచం కిందికి తోశాను. నీటుగా ఉందని మురిసిపోయాను కూడా.

అలా వైరు చుట్టి పెట్టడం ఎంత తప్పో నీకు చెప్పాలి. వైరులో కరెంటు పారితే ఎంతో కొంత వేడి పుడుతుంది, పరిచి ఉంటే గాలికి పోతుంది, చుట్టలో ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి లోపలే ఉండిపోతుంది. ఇది నాకు అప్పుడు తెలియదా అంటే తెలుసు. షాపులో తెలుసు, ఇంట్లో గుర్తులేదు.

మే నెలాఖరు, రోహిణి కార్తె. గుంటూరు ఎండ నీకు కొత్త కాదు. మధ్యాహ్నం మా అత్తగారు ఆ మంచం మీద పడుకున్నారు, కూలరు తిరుగుతోంది. మీ పెదనాన్న సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలని చొక్కా ఇస్త్రీ చేయమంటే, 1000 వాట్ల పాత బరువు ఇస్త్రీ పెట్టె, దాన్ని కూడా ఆ బాక్సులోనే పెట్టాను. పిన్ను కాస్త వదులుగా కూర్చుంది, ఊపితే చిటచిటమంది. నొక్కి పెట్టాను. ఒక చొక్కా అయింది, రెండోది మొదలుపెట్టాను. గుడ్డ మాడిన వాసన వచ్చింది. ఇస్త్రీ పెట్టె అడుగే మాడ్చిందేమోనని ఎత్తి చూశాను, చొక్కా తెల్లగానే ఉంది. ఇంకాస్త వేడి తగ్గించి మళ్ళీ రుద్దుతున్నా చూడు, అదీ నా తెలివి! అప్పుడు మంచం పట్టె పక్క నుంచి సన్నగా పొగ లేచింది. వేలాడుతున్న దుప్పటి అంచు ఆ బాక్సు మీద పడి ఉంది. దుప్పటి మీద నుంచి బూరుగు దూది పరుపుకి పాకింది. దూది మంట చూపించదు చిట్టీ, లోపల లోపలే రగులుతుంది.

నేనేం చేశానో తెలుసా, వంగి ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సుని చేత్తో లాగాను. కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుంది. నువ్వు చిన్నప్పుడు "పెద్దమ్మా, ఇక్కడ గీత ఎందుకు నున్నగా ఉంది?" అని అడిగేదానివే, అది అదే. కాళ్ళకి చెప్పులుండబట్టి బతికానని మీ పెదనాన్న ఇప్పటికీ అంటారు. తర్వాత వరండాలోకి పరిగెత్తి మెయిన్ దింపాను. అత్తగారికి మోకాళ్ళు లేవవు. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాను. ఆవిడ హాల్లో కూర్చుని దగ్గుతూ అన్న మొదటి మాట, "పరుపు పోతే పోయింది, నువ్వా చెయ్యి నీళ్ళలో పెట్టు." నేను ఏడ్చింది కాలినందుకు కాదు, ఆ మాటకి.

ఇంకోటుంది. వైర్లు కరిగి ఒకదానికొకటి తగిలినా ఫ్యూజు పోలేదు. ఎందుకు పోలేదని చూస్తే, ఎండాకాలం మాటిమాటికీ పోతోందని మీ పెదనాన్న లావు రాగి తీగ కట్టి పెట్టారు. చవక పెట్టె నాది, లావు తీగ ఆయనది. ఆ రాత్రి ఒకళ్ళనొకళ్ళం ఏమీ అనుకోలేదు, అనడానికి ఇద్దరికీ మొహం లేదు. పెళ్ళికీ వెళ్ళలేదు.

"ఇప్పుడు ఎంసీబీలున్నాయిగా పెద్దమ్మా" అంటావు. ఉన్నాయి. కానీ ఎంసీబీకి తెలిసేది కరెంటు ఎంత పోతోందో అంతవరకే. వదులు పిన్ను దగ్గర పుట్టే వేడి దానికి తెలియదు, తక్కువ కరెంటుకైనా ఆ చోటు ఎర్రగా కాలుతుంది, ఎంసీబీ హాయిగా ఆన్‌లోనే ఉంటుంది. అందుకే ఏ ప్లగ్గైనా వదులైందంటే ఆ రోజే మార్పించు.

ఆ తర్వాత షాపుకొచ్చి ఎవరు బాక్సు అడిగినా "ఎక్కడ పెడతారు?" అని అడిగేదాన్ని. మంచం కిందంటే ఇచ్చేదాన్ని కాదు. "నువ్వు కౌంటర్లో కూర్చుంటే పక్క షాపు బాగుపడుతుంది" అనేవారు మీ పెదనాన్న.

సరే, నీ ప్లానుకి వద్దాం. మంచం వస్తుందనుకున్న చోటుకి అటొకటి ఇటొకటి గుండ్రం గీశావు. ఒక్కో పక్కన రెండేసి పెట్టు. ఒకటి ఫోనుకి, ఒకటి దోమల మెషిన్‌కి. బుడమేరు వాగు పక్కన ఇల్లు పెట్టుకుని దోమల్ని మర్చిపోతే ఎలాగే? మంచం తలవైపు చెక్క వెడల్పు కొలిచి, దానికి బయట అరడుగు వదిలి ప్లగ్గు పెట్టించు, చెక్క వెనకాల పడితే అది నా బీరువా ప్లగ్గే. ఆరు మాడ్యూళ్ళ, అంటే ఆరు గళ్ళ బాక్సులో రెండు సాకెట్లూ రెండు స్విచ్చులూ పడతాయి. లైటుకీ ఫ్యానుకీ పక్క మీద నుంచి అందే స్విచ్చులు కూడా కావాలంటే ఎనిమిది మాడ్యూళ్ళది తీసుకో. లైటుకి టూవే స్విచ్చులు వేయించు, తలుపు దగ్గరా మంచం దగ్గరా ఎక్కడైనా వేసి ఆర్పొచ్చు. అల్లుడు యూఎస్‌బీ ప్లగ్గులు అడుగుతున్నాడట, పెట్టుకోమను, కానీ మామూలు సాకెట్టు మానేసి మాత్రం వద్దు. ఫోన్లు మారతాయి, గోడ మారదు.

మీ అన్నయ్య అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు చూపించాడు, అక్కడ గోడ పొడుగునా ఎక్కడ నిలబడినా ఆరడుగుల్లోపు ప్లగ్గు ఉండాలని రూలట. ఆ లెక్క నాకు నచ్చింది. సామాను ఎటు మార్చినా పెట్టె అక్కర్లేకుండా. నువ్వు కూడా టేపు పెట్టి చూసుకో. కానీ ఆ దేశం వీడియోలు చూసి నేలకి అడుగు ఎత్తులో పెట్టావే, అది మాత్రం వద్దు. వాళ్ళది 120 వోల్టులు, మనది 230, వాళ్ళ ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. మీ అత్తగారు అంత వంగి స్విచ్ వేయగలరా? అదీకాక, 2024 సెప్టెంబరు 1 మర్చిపోయావా?

నేను మర్చిపోలేదు. ఆ ఆదివారం బుడమేరు మీ వీధిలోకొచ్చాక నీ ఫోను రెండు రోజులు మోగలేదు. మీ అమ్మ మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని, పడవల్లో ఎక్కిన ప్రతి ఆడపిల్లనీ నువ్వేనేమో అని చూసింది. కాబట్టి రెండున్నర అడుగులకి తక్కువగా ఒక్క ప్లగ్గు కూడా పెట్టకు. అంత నీళ్ళొస్తే అదీ మునుగుతుంది, నిజమే, అందుకే కింది ప్లగ్గులన్నీ ఒక ఎంసీబీ మీద, లైట్లూ ఫ్యానూ ఇంకో ఎంసీబీ మీద విడగొట్టించు. నీళ్ళు గడప దాటుతున్నాయంటే కిందిది దింపేసి పైది ఉంచుకోవచ్చు. నీళ్ళింకా పెరిగితే మెయినే దింపేసి పైకెళ్ళిపో, అయితే బోర్డు దగ్గర నీళ్ళలో నిలబడి మాత్రం చేయి పెట్టకు. పాత పైపుల్లో ఆ రోజు చేరిన బురద ఇంకా ఉంటుంది, "వైరు బాగానే ఉందమ్మా, వాడేద్దాం" అని మేస్త్రీ అన్నా వినకు, పాత వైరంతా లాగి పారేయించు. కొత్తది వేశాక, వైరులో కరెంటు ఎక్కడైనా లీకవుతుందేమో చూసే మెగ్గర్ పెట్టి చూడమను.

పూత పూయకముందు ప్రతి గోడకీ పైపులు కనిపించేలా, టేపు పక్కన పట్టుకుని ఫోటోలు తీయి. రేపు మీ ఆయన దేవుడి పటానికి మేకు కొడతాడు.

ఇక మంచం. వరదలో మీది పాడయ్యాక పరుపు నేల మీదే వేసుకుంటున్నారని మీ అమ్మ నిన్నే చెప్పింది, ఏడాది పైన నాకెందుకు చెప్పలేదే? మా అత్తగారి టేకు మంచం పంపిస్తున్నాను. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు అయిదు, తలవైపు చెక్క ఎత్తు మూడున్నర, నీ బొమ్మలో ఈ కొలతలతో గీయి. కుడివైపు పట్టె అడుగున చేయి పెడితే జానెడు మేర గరుకుగా, నల్లగా తగులుతుంది. వడ్రంగి గీకేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ఆదివారం టాటా ఏస్‌లో వస్తుంది, మీ పెదనాన్న కూడా ముందు సీట్లో వస్తానంటున్నారు, ఆయనకి ఉప్పు తక్కువ వేసి వండు. మంచం గీసిన ప్లాను శనివారంలోగా పంపు, నేను చూసేదాకా మేస్త్రీని గోడ ముట్టుకోనివ్వకు.

మీ పెద్దమ్మ