ఎండకు పాలిపోయిన జింక కొమ్ముకు మళ్లీ రంగు

చిరంజీవి చిన్నాకు, మావయ్య దీవెనలు.

కొలరాడో కొండల్లో నీకు దొరికిన మ్యూల్ డీర్ (పెద్ద చెవుల అమెరికా జింక) కొమ్ము ఫొటోలు చూశాను. ముచ్చటగా ఉంది. చాలాకాలం ఎండకీ మంచుకీ పడి ఉండి బాగా పాలిపోయింది. దానికి మళ్లీ రంగు తేవాలన్నావుగా, ఎలాగో చెప్తాను. పైనున్న సన్నటి గాట్లు ఎలకలు, ఉడతలు కొరికినవి. ఎముకలోని ఖనిజాల కోసం కొరుకుతాయవి. వాటిని పూడ్చకు, అలా ఉంటేనే అందం.

నువ్వు కొన్న వుడ్ స్టెయిన్ (చెక్కకు వేసే రంగు) డబ్బా మాత్రం పక్కన పెట్టు. నిలువునా ఒకే రంగు పూస్తే ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. జింక బతికుండగా కొమ్ముకు రంగు ఎలా పడుతుందో చూడు. పైతోలు ఊడేటప్పుడు నెత్తురు అంటుతుంది, చెట్లకు రుద్దినప్పుడు బెరడు రసం పడుతుంది. అందుకే గరుకుగా ఉండే మొదలు ముదురు, రాపిడికి నున్నబడిన కొనలు తెలుపు. మన పనల్లా ఆ తేడాను తిరిగి తేవడమే.

ముందు సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడుగు. నానబెట్టకు, ఉడకబెట్టకు. నీడలో పూర్తిగా ఆరనివ్వు. గీకాల్సి వస్తే మాస్క్ పెట్టుకో, ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రంగుకి పొటాషియం పర్మాంగనేట్ వాడు. మన ఊళ్లో బావుల్లో వేసేవాళ్లే, అదే. గ్లాసు నీళ్లలో చిటికెడు చాలు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఆ పర్మాంగనేట్ పలుకులకు గ్లిజరిన్ తగిలితే మంట లేస్తుంది, దగ్గరికి కూడా రానివ్వకు. కొమ్మును ముందు తడిబట్టతో తుడిస్తే మచ్చలు పడకుండా రంగు సమంగా పీలుస్తుంది. పూయగానే ఊదాగా ఉంటుంది, కంగారుపడకు. కాసేపటికి గోధుమరంగుకి తిరుగుతుంది. పల్చగా ఒక పూత వేసి, ఆరాక చూసి, చాలకపోతేనే ఇంకోటి. కొమ్ము మొదలు దగ్గర ఎక్కువ పూతలు, కొనల వైపు పోయేకొద్దీ తక్కువ. కొనల్ని 0000 నంబరు స్టీల్ వుల్‌తో (బాగా సన్నటి ఉక్కు పీచు) రుద్ది తెలుపు తేల్చు. పొరపాటున ముదిరినా అదే మందు.

పొడిగా రాలే చోట పారాలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్‌ను అసిటోన్‌లో పల్చగా కలిపి పట్టించు. మ్యూజియంలలో పాత ఎముకలకు వాడేది అదే. అయితే రంగు అయ్యాకే సుమా, ముందే పట్టిస్తే నీళ్ల రంగు లోపలికి దిగదు. పెద్ద పగుళ్లకు ఎపాక్సీ పుట్టీ పెట్టి, దాని మీద అక్రిలిక్ రంగు అద్దు. చివర్న ఫర్నిచర్ మైనం పల్చగా రాసి మెత్తటి బట్టతో తుడువు. వార్నిష్ వద్దు, ఆ మెరుపు కొమ్ముకు నప్పదు.

ఇంకోమాట. కొలరాడోలో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఇంటర్‌స్టేట్ 25 హైవేకి పడమటి ప్రభుత్వ భూముల్లో రాలిన కొమ్ములు ఏరడం నిషేధం. చలికాలం చివర్లో జింకలు నీరసించి ఉంటాయి, మనిషి అలికిడికి పరిగెత్తితే ఉన్న కాస్త సత్తువా పోతుంది. నేషనల్ పార్కుల్లోనైతే ఎప్పుడూ ముట్టకూడదు.

తాతయ్యకి బహుమతిగా హైదరాబాద్ తెస్తానన్నావు. ఆ పని చెయ్యకు. వన్యప్రాణుల భాగాల్ని సామానులో తెస్తే కస్టమ్స్‌లో పట్టుకుంటారు. ఇక్కడ దుప్పి, కణితి కొమ్ములకు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అడవిలో రాలి దొరికినా సరే. తాతయ్యకు మంచి ఫొటో తీసి పంపు.

మీ మావయ్య