గ్రాఫు మసకబారకుండా

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

నీ మూడో అధ్యాయం నిన్న రాత్రి చదివాను. లెక్కలు బాగా కుదిరాయి. గ్రాఫుల దగ్గరే మనసుకు కష్టమనిపించింది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దాటి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లిన వరదే కదా నీ థీసిస్‌కు ప్రాణం. తీరా గీత ఆ శిఖరం ఎక్కేసరికి చుట్టూ బూడిద మరకలు, పక్కనున్న అంకె ఆరో ఎనిమిదో తెలియలేదు.

అది బొమ్మను సేవ్ చేసిన జేపెగ్ ఫార్మాట్ చేసిన పని. ఫొటోలకు మంచిదే కానీ, సన్నగీతలు, అక్షరాల అంచులు చెదరగొడుతుంది. దాని బదులు పీఎన్‌జీ ఫార్మాట్ వాడు. థీసిస్ పేజీలు కూర్చే లేటెక్‌లో రాస్తున్నావు కనుక పీడీఎఫ్‌గా, వెక్టర్ రూపంలో, అంటే చుక్కలుగా కాక గీతలుగానే సేవ్ చేస్తే ఇంకా మేలు, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. లక్షల చుక్కలున్న గ్రాఫులకు మాత్రం వద్దు, ఫైలు మరీ బరువైపోతుంది.

అన్నిటికంటే ముందు, కాగితం మీద బొమ్మ ఎంత వెడల్పు ఉండాలో తేల్చుకో. నువ్వు గ్రాఫులు గీసే మాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా తెరిచే ఫిగర్ విండో 560 పిక్సెళ్ల వెడల్పే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి 15 సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి 95 చుక్కలు కూడా పడవు. అచ్చుకు 300 కావాలి, అంటే సుమారు 1770 పిక్సెళ్లు. అందుకని ఫిగర్ యూనిట్స్‌ను సెంటీమీటర్లకు మార్చి, పొజిషన్‌లో వెడల్పు 15, ఎత్తు 9 ఇవ్వు. అక్షరాలు 10 పాయింట్లు, గీత మందం 1.5 పెట్టు. ఆ తర్వాతే, బొమ్మను ఫైలుగా సేవ్ చేసే ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్‌లో రిజల్యూషన్ 300 అని రాయి. నువ్వు చెప్పకపోతే అది 150తో సరిపెడుతుంది. ఆ కమాండ్ 2020లో వచ్చింది. మీ ల్యాబులో అంతకంటే పాత వెర్షన్ ఉన్నా, మాట్‌ల్యాబ్ లాంటి ఉచిత ఆక్టేవ్‌లో చేస్తున్నా, ప్రింట్ కమాండ్‌లో -r300 అని వెయ్యి. పేజీలో పెట్టాక మాత్రం సాగదీయకు తల్లీ, అక్షరాలు ఒక్కో గ్రాఫులో ఒక్కో సైజుకు పోతాయి. సైజు మారాలంటే కోడ్‌లో అంకె మార్చి మళ్లీ రన్ చెయ్యి.

నా థీసిస్ రోజుల్లో కొలిచిన విలువలకు ఎరుపు, లెక్కగట్టిన వాటికి ఆకుపచ్చ గీతలు వేశాను. జిరాక్సులో రెండూ ఒకే బూడిద రంగయ్యాయి. వైవాలో ఏది ఏదని అడిగితే నోట మాట రాలేదు. ఆ బాధ నీకొద్దు. రెండో గీతను రంగుతో పాటు తెగిన గీతగా కూడా పెట్టు.

గవర్నర్‌పేటలో బైండింగ్‌కు ఇచ్చేముందు ఆ బ్యారేజీ గ్రాఫు ఒక్క పేజీ నలుపుతెలుపులో ప్రింట్ తీయించు. చేయి చాపినంత దూరంలో పట్టుకుని శిఖరం పక్క అంకె చదువు. చదవగలిగితే మిగతావి తీయించుకో.

మీ పెదనాన్న