అమ్మడూ, ముందు యూరాసిల్ సంగతి చూసుకో

అమ్మడూ,

పర్లాకిమిడి నుంచి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు మా బరంపురంలోనే పీహెచ్‌డీకి చేరుతున్నావట, ఈస్ట్ కణాల్లో ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ చూసి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం) మీద పనట. "బ్రెడ్‌లో వేసే ఈస్టేనా? దానికి ఐదేళ్లెందుకే?" అని అడిగాడు. నవ్వాను. మన ఇంట్లో నా తర్వాత పెట్రీ ప్లేటు పట్టేది నువ్వేనని గర్వపడ్డాను కూడా. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి ప్లేటు మీదా తేదీ రాయి. అటెండరుతో ఒడియాలో మాట్లాడు, ఆటోక్లేవ్ నీ వంతు ముందొస్తుంది. ఈస్ట్ 30 డిగ్రీల దగ్గర గంటన్నరకోసారి రెట్టింపవుతుంది కదా అని టిఫిన్ మానేసి పరుగెత్తకు. తిని వెళ్లు.

అసలు విషయానికొస్తాను. నువ్వు డీఎస్‌టీ1 జీన్ తీసేసిన స్ట్రెయిన్‌తో (ఈస్ట్ రకంతో) మొదలుపెడతావట. ఆ జీన్ తయారుచేసే ప్రోటీనే టీఎఫ్‌ఐఐఎస్. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2, అంటే ఆర్‌ఎన్‌ఏను అక్షరం అక్షరంగా అల్లే యంత్రం, డీఎన్‌ఏ వెంట పోతూ న్యూక్లియోసోమ్ (ప్రోటీన్ చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏ ఉండ) దగ్గరో, తప్పు అక్షరం పడ్డచోటో ఆగి వెనక్కి జారుతుంది. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ కొస పనిచేసే చోటు దాటి ఒక సందులోంచి బయటికి పొడుచుకొస్తుంది, కొత్త అక్షరం అతకదు. టీఎఫ్‌ఐఐఎస్ తన మొనను ఆ సందులోంచే లోపలికి పెట్టి, పాలిమరేజ్ చేతే ఆ కొసను కోయిస్తుంది. మగ్గం మీద చీకిన పోగు కొస తుంచి, మంచి చోట మళ్లీ అతికినట్టు. కొత్త కొస సరైన చోట కూర్చుంటుంది, పని మళ్లీ సాగుతుంది.

చిక్కేమిటంటే, ఆ జీన్ లేకపోయినా కణం బతికేస్తుంది. లోపం బయటపడాలంటే కణాన్ని ఇబ్బంది పెట్టాలి. అందుకు 6-అజాయూరాసిల్ అనే మందు వాడతారు. అది కణంలో ఆర్‌ఎన్‌ఏకు ముడిసరుకైన జీటీపీ, యూటీపీ నిల్వలు తగ్గిస్తుంది. మామూలు కణం తట్టుకుంటుంది, డీఎస్‌టీ1 లేనిది కుదేలవుతుంది.

నా భయమంతా ఇక్కడే. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. తెలివైనవాడు, చేతిపని నీట్‌గా ఉండేది. సరిగ్గా ఇదే ప్రయోగం బీవై4741 స్ట్రెయిన్‌లో చేశాడు. అందులో యూరాసిల్ (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటి) సొంతంగా తయారుచేసుకోడానికి కావలసిన యూఆర్‌ఏ3 జీన్ ఉండదు, కాబట్టి బతకడానికి మీడియంలో యూరాసిల్ వేయాలి. వేశాడు. మందూ వేశాడు. జీన్ తీసేసినవి, తీయనివి అన్నీ హాయిగా పెరిగాయి. మందు పాతదేమోనని కొత్త సీసా తెప్పించాడు. మోతాదు పెంచాడు. స్ట్రెయిన్ మళ్లీ తయారుచేశాడు. నెలలు పోయాయి. చివరికి గైడ్ "ఈ జీన్‌తో పనేం లేదులే" అనేస్తే, రిపోర్టులో అదే రాసిచ్చాడు. తర్వాత బయటి నుంచి వచ్చిన ఒకావిడ ప్లేట్లు చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీడియంలో యూరాసిల్ ఉందా?" ఉంది. యూరాసిల్ ఉన్నచోట 6-అజాయూరాసిల్ పనిచేయదు. మందును అడ్డుకునేది ప్లేట్లోనే ఉంటే సీసా మారిస్తే ఏం లాభం? అతనిని ఎవరూ ఓదార్చలేదు. పైగా నవ్వారు. ఆ ఏడాదే చదువు మానేశాడు. ఆ నవ్వినవాళ్ల మీద నాకింకా కోపమే.

కాబట్టి యూఆర్‌ఏ3 ఉన్న ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం), పీఆర్‌ఎస్316 లాంటిది, జీన్ తీసేసిన స్ట్రెయిన్‌లోకీ మామూలు స్ట్రెయిన్‌లోకీ రెంటికీ ఎక్కించు. యూరాసిల్ లేని మీడియంలోనే పరీక్షించు. మైకోఫెనాలిక్ యాసిడ్‌తోనూ ఓసారి చూడు. అది జీటీపీని మాత్రమే తగ్గిస్తుంది, గ్వానిన్ వేస్తే కణం తేరుకోవాలి.

కణం మందుకు లొంగిందని సంబరపడి పాలిమరేజ్ ఆగిపోతోందని రాసేయకు. మామూలు కణం ఈ మందులకు ఎదురుగా, జీటీపీ తయారీకి తోడ్పడే ఐఎమ్‌డీ2 జీన్ పనిని పెంచుకుంటుంది. అది చేతగాని కణమూ లొంగిపోతుంది. పాలిమరేజ్‌నే చూడాలి. గాల్1 ప్రమోటర్ (జీన్‌ను నడిపే స్విచ్) కింద వైఎల్‌ఆర్454డబ్ల్యూ అనే పొడవైన జీన్ పెట్టి, గ్లూకోజ్‌తో ఆపేసి, చివరి పాలిమరేజ్‌లు ఎంత సేపట్లో కొసకు చేరుతున్నాయో చిప్ (ChIP: డీఎన్‌ఏ మీద ప్రోటీన్ ఎక్కడుందో పట్టే) పద్ధతిలో చూస్తారు. మామూలుగా నిమిషానికి సుమారు 2 వేల అక్షరాలు. మీ గైడ్ ఖర్చంటే నన్ను కలవమను, నేనే మాట్లాడతాను. (కలవమనకులే, బాగుండదు.)

ఎస్‌పీటీ6 జీన్ దెబ్బతిన్న ఎస్‌పీటీ6-1004 స్ట్రెయిన్ వాడితే మే నెలలో బల్ల మీద వదిలేయకు. దాని లోపం బయటపడేది 37 డిగ్రీల దగ్గర. మన ఊరి మధ్యాహ్నాలు నీకు చెప్పాలా?

ఇక ఫ్రీజర్. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక ఇక్కడ కరెంటు ఎన్నాళ్లు లేదో మీ నాన్నను అడుగు. మైనస్ 80 ఫ్రీజర్‌ను నమ్మి ఒక్కచోటే స్ట్రెయిన్లు పెట్టడం పిచ్చిపని. గ్లిజరాల్ స్టాక్ ఇంకో బిల్డింగ్‌లో ఒకటి పెట్టు. స్టెరైల్ ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి ఫాయిల్‌లో చుట్టిన ఈస్ట్ కరెంటు లేకపోయినా బతుకుతుంది, అవీ చేసిపెట్టుకో. నాకు తుపాను భయం ఎక్కువని మీరంతా నవ్వుతారు. నవ్వండి.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి రా, హాస్టల్ పప్పు నాకు తెలుసు. మందులు ఆర్డర్ పెట్టేలోపు మీ స్ట్రెయిన్ల జీనోటైప్ (ఏ జీన్ ఉంది, ఏది లేదు అన్న) జాబితా నాకు పంపు. యూఆర్‌ఏ3 వరుస నేను చూశాకే సీసా తెప్పించు.

మీ అత్త