కాలేజీ మెయిల్ మూసేసేలోపు థండర్‌బర్డ్ పెట్టుకోండి

"అన్నా, కోర్సు అయిపోయాక యూనివర్సిటీ మెయిల్ తీసేస్తారట, అందులో ఉన్నవన్నీ ఏమవుతాయి?" అని మొన్న కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు. ఏమవుతాయా, పోతాయి. నాకు అలాగే పోయాయి. అడ్మిషన్ లెటరు, ఫీజు రసీదులు, మొదటి పార్ట్ టైమ్ జీతం స్లిప్పులు అన్నీ అందులోనే ఉండేవి, ఒకరోజు లాగిన్ అవబోతే అకౌంట్ లేదంది. రెండేళ్ల తర్వాత వీసా పనికి అవే కాగితాలు అడిగారు. ఆ టెన్షన్ మీకెందుకు?

ఆఫీసులో కొత్తవాళ్లందరికీ నేను చెప్పేది థండర్‌బర్డ్, అంటే మెయిల్స్ చదవడానికీ పంపడానికీ కంప్యూటర్లో పెట్టుకునే ప్రోగ్రాం. ఫైర్‌ఫాక్స్ తెచ్చిన మొజిల్లా వాళ్లదే, 2004 నుంచీ ఉంది, పైసా అక్కర్లేదు, జనం ఇచ్చే విరాళాల మీద నడుస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ దేంట్లోనైనా పనిచేస్తుంది. 2024లో ఆండ్రాయిడ్‌కీ వచ్చింది గానీ ఇప్పుడు నేను చెప్పే పని మాత్రం కంప్యూటర్లోనే చేసుకోండి.

అడ్రసు, పాస్‌వర్డు ఇస్తే మామూలుగా మిగతా సెట్టింగులు అదే వెతుక్కుంటుంది. అక్కడ మెయిల్ తెచ్చుకునే పద్ధతులు ఐమ్యాప్, పాప్ అని రెండు కనిపిస్తే ఐమ్యాప్ ఎంచుకోండి. అయితే చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మెయిల్స్ అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి కదా, ఇక భయం లేదనుకుంటారు. ఐమ్యాప్ అంటే అద్దం లాంటిది, సర్వర్లో ఉన్నదే ఇక్కడ కనిపిస్తుంది, అక్కడ చెరిపేస్తే ఇక్కడా పోతుంది. అందుకని ఎడమవైపు కింద 'లోకల్ ఫోల్డర్స్' అని ఉంటుంది చూడండి, దాని కింద ఒక ఫోల్డర్ చేసుకుని, కావలసిన మెయిల్స్ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి అందులోకి కాపీ చేయండి. అప్పుడే అవి నిజంగా మీవి. తర్వాత నెట్ ఆపేసి, అటాచ్‌మెంట్లతో సహా ఒకటి రెండు తెరిచి చూసుకోండి, నేనైతే చూడకుండా నమ్మను.

కంప్యూటరే పాడైతే? హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మీ మెయిల్స్, సెట్టింగులు దాచే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు. కాకపోతే మీ పాస్‌వర్డులు కూడా అందులోనే ఉంటాయి, ఎవరి చేతికీ ఇవ్వకండి.

నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. మెయిల్లో 'అటాచ్డ్' అని ఇంగ్లీషులో రాసి ఫైల్ పెట్టడం మర్చిపోతే, పంపేముందే ఆపి అడుగుతుంది. రెజ్యూమే లేకుండా ఉద్యోగానికి మెయిల్ కొట్టినవాణ్ణి కాబట్టి దాని విలువ నాకు తెలుసు!

ఆఫీసు మెయిల్ మాత్రం ఐటీ వాళ్లని అడక్కుండా మీ సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టకండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు. కొన్ని యూనివర్సిటీలు కూడా బయటి ప్రోగ్రాములని రానివ్వవు, కాబట్టి చివరి సెమిస్టర్ దాకా ఆగకుండా ఈ వారమే పెట్టి చూడండి, కుదరకపోతే ముఖ్యమైనవి సొంత అడ్రసుకి ఫార్వర్డ్ చేసుకోవడానికైనా టైం ఉంటుంది.